సీలు విప్పని నూట నలభై

కొత్త వీడియో గేమ్ విడుదలయ్యే రోజున నేను పనికి సెలవు పెడతాను. కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో నా ఉద్యోగం. నేనొక పూట రాకపోతే ఊళ్ళో నమలడమేమీ ఆగిపోదు. షాపు తలుపు తీయకముందే వరుసలో మొదటివాణ్ణి నేనే. డబ్బా మూలలు నలగలేదు కదా అని నాలుగు వైపులా తిప్పి చూసి, పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుని ఇంటికి తెస్తాను. చేతులకు ల్యాబు గ్లవుజులు తొడుక్కుని అలమరలో పెడతాను. నా ఆట అక్కడితో సరి.

అలా నూట నలభై పోగయ్యాయి. ఒక్కదానికీ ప్లాస్టిక్ తొడుగు విప్పలేదు. విప్పితే విలువ పోతుందట. ఎవరన్నారంటే, నాలాంటి మేధావులే. గేమ్ మెషీన్ మీద మా ఆవిడ సినిమాలు చూస్తుంది. ఇవి ఆడుకోవడానికా, పూజించుకోవడానికా అని మొదట్లో అడిగేది. తర్వాత అడగడమూ మానేసింది, ఆ అలమర తుడవడమూ మానేసింది.

వాటిలో ఒకటి ఇద్దరు జంటగా ఆడాల్సిన గేమ్. మూడేళ్ళ కిందట వరుసలో నిలబడి ఉండగానే అక్కకు ఫోన్ చేశాను, ఆదివారం వచ్చెయ్, ఇద్దరం ఆడదామని. పాపం, వచ్చింది. డబ్బా చూపించి పంపాను. ఆ తర్వాత ఎప్పుడడిగినా నాకు తలనొప్పో, కరెంటు కోతో వచ్చిపడేది.

అక్క బడిపిల్లల యూనిఫాంలు కుట్టే చోట పనిచేస్తుంది. మొన్న ఆదివారం వచ్చి సోఫాలో కూర్చుని, వేళ్ళు ఒక్కొక్కటే పట్టి సాగదీసుకుంది.

"రోజురోజుకీ బిగుసుకుపోతున్నాయిరా. ఇంకా వంగుతున్నప్పుడే ఆ ఆటేదో ఒక్కసారి ఆడదాం."

మనిషన్నవాడైతే వెంటనే లేచి డబ్బా చింపేవాడు. నేను ఇప్పుడే వస్తానక్కా అని చెప్పి, చింపడానికి అదే గేమ్ ఇంకొకటి కొనుక్కొద్దామని బజారుకు పరిగెత్తాను! నాలుగు షాపులు తిరిగాను. అది రావడం ఆగిపోయి ఏడాది దాటిందన్నారు. మూడు గంటల తర్వాత ఉత్త చేతులతో ఇల్లు చేరాను.

నేల మీద ప్లాస్టిక్ ముక్కలు, వాటి పక్కన కత్తెర. టీవీ ముందు మా ఆవిడ, అక్క. నా నోట మొదట వచ్చిన మాట, కాస్త నెమ్మదిగా విప్పొచ్చుగా అని. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది కానీ, అన్నాను.

మా ఆవిడ నావైపు చూడనైనా లేదు. తెర మీద ఆమె బొమ్మ గుంత దాటేసి ఎదురుచూస్తోంది. అక్క బొమ్మ ఇవతల ఒడ్డునే ఆగిపోయింది. అక్క బొటనవేలు రెండుసార్లు వణికింది గానీ వంగలేదు. కంట్రోలర్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నావల్ల కావట్లేదురా. నువ్వు దూకించు."

నూట నలభై గేముల ఆసామిని. ఏ బటన్ నొక్కితే దూకుతుందో నాకు తెలియలేదు.