మా ఆయన పథ్యం

ఏలూరులో స్కానింగ్ రిపోర్టు చూసి డాక్టరుగారు మొదట అడిగిన మాట, "మందు అలవాటుందా మాస్టారూ?" అని. మా ఆయన ముఖం ఎర్రబడింది. తాడేపల్లిగూడెంలో హైస్కూలు మాస్టారు, పైగా మా చర్చిలో సంఘ పెద్ద. చుక్క ముట్టి ఎరగని మనిషి. ఆ మాటే గట్టిగా చెప్పారు.

"తాగనివాళ్లకీ వస్తుందండి. ఫ్యాటీ లివర్. కాలేయానికి కొవ్వు పట్టింది," అన్నారు డాక్టరుగారు తాపీగా. అన్నం సగానికి తగ్గించాలి. వేపుళ్లు, స్వీట్లు, కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు మానాలి. కూరగాయలు ఎక్కువ తినాలి. చేపైతే నూనె తగ్గించి పులుసు, అదీ ఒకటి రెండు ముక్కలు. రోజూ నడవాలి. ఒళ్లు తగ్గితే ఇదీ తగ్గుతుంది. అంతా చీటీ మీద రాసిచ్చి నావైపు తిరిగారు.

"వంట మీరేనా అమ్మా?"

"నేనేనండీ."

"అయితే ఈయన మీ చేతిలో ఉన్నట్టే."

తిరుగు బస్సులో ఆయన కిటికీకి తల ఆనించి దిగులుగా కూర్చున్నారు. పక్కన కూర్చున్న నాకు లోలోపల సంబరంగా ఉంది. భార్య అనకూడని మాటే. కానీ నిజం.

దానికి పదకొండేళ్ల ముందు, పెద్దపిల్ల నా కడుపులో ఉండగా, కొల్లేటికోట దగ్గరి మా పుట్టింటి నుంచి మా అమ్మ కొరమీను పట్టుకొచ్చింది. పులుసు దించగానే ఆ వాసనకు ఆగలేకపోయాను. ఆయన స్కూలు నుంచి రాకముందే రెండు నడుం ముక్కలు తినేశాను. ఆయన వచ్చి కూర్చుని, గిన్నెలో గరిటె తిప్పి, ముక్కలు లెక్కపెట్టారు.

"మొగుడు తినకముందే మెక్కేసిందా? ఇలాంటి తిండిపోతును మా ఇంటికి పంపారేంటండీ?" అని మా అమ్మనే అడిగారు.

అమ్మ సంచి అందుకుంది. ఆ పూటే బస్సెక్కి వెళ్లిపోయింది. బతికున్నన్నాళ్లూ మళ్లీ మా ఇంట్లో మెతుకు ముట్టలేదు.

ఆయన అక్కడితో ఆగలేదు. చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమ విందు జరిగితే చాలు, "మా ఆవిడకు ముందు వడ్డించండి, ఆకలికి ఆగలేదు," అని నలుగురిలో నవ్వేవారు. నలుగురూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఇంట్లో నా కంచంలోకి ఎప్పుడూ తోక ముక్కే వచ్చేది.

అందుకే డాక్టరుగారి చీటీని నేను అక్షరం పొల్లుపోకుండా అమలు చేశాను. చిన్న గిన్నెతో కొలిచి అన్నం. ఆనపకాయ, బీరకాయ, మళ్లీ ఆనపకాయ. చేప తెచ్చిన రోజు ఆయనకు ఒక్క ముక్క వేసి, పిల్లలకూ నాకూ ఎర్రగా వేయించుకుని, ఆయన ఎదురుగానే పీట వేసుకుని కూర్చునేదాన్ని. పెళ్లయ్యాక ఆయనతో కలిసి కూర్చుని తినడం అదే మొదలు. ముల్లు తీసి నెమ్మదిగా నమిలేదాన్ని. ఆయన చూపు నా కంచం మీదే ఉండేది.

"ఇంకొక్క ముక్క వెయ్యవే."

"మీ ఆరోగ్యమండీ," అనేదాన్ని.

ఒకసారి చొక్కా ఉతకబోతే జేబులో కర్రీపఫ్ పొట్టు రాలింది. ఆయన్ను ఏమీ అనలేదు. మళ్లీ ఏలూరు వెళ్లినప్పుడు డాక్టరుగారికి చెప్పాను. పిల్లలకు పాఠం చెప్పే మనిషి, పిల్లాడిలా తల వంచుకుని చీవాట్లు తిన్నారు.

ఇంతవరకూ పథ్యమే అనుకోవచ్చు. తరవాత చేసింది మాత్రం పథ్యం కాదు. ఆయనకు లివర్ జబ్బని చర్చిలో తెలిసి, ముగ్గురు ఆడవాళ్లు నన్ను పక్కకు పిలిచారు. "ఏవండీ, మాస్టారికి ఆ అలవాటు ఉందంటగా?" అని అడిగారు.

లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏం చెప్పమంటారండీ," అన్నాను.

రెండు నెలలు తిరక్కుండా ప్రభువు బల్ల దగ్గర, సంఘ పెద్దగా ఆయన పంచే రొట్టె పళ్లెం ఆయన చేతికివ్వడం మానేశారు. ఎందుకో ఆయనకు తెలియలేదు. ఇంటికొచ్చి అడిగినప్పుడల్లా నేను బీరకాయ చెక్కుతూ ఉండేదాన్ని.

ఎనిమిది నెలలకు ఆయన ఒళ్లు తగ్గింది. రెండో స్కానింగులో కొవ్వు బాగా కరిగిందన్నారు. ఆ ఆదివారమే ఆయన చర్చిలో లేచి సాక్ష్యం చెప్పారు. "నోరు కట్టుకోలేని నన్ను నా భార్య బతికించింది," అన్నారు. సిగ్గుతో నా తల వంగిపోయింది. వాళ్లంతా దాన్ని అణకువ అనుకున్నారు.

ఆ తరవాతి శనివారం ఆయన నడకకు వెళ్లి తొందరగా తిరిగొచ్చారు.

"మందు మానేశారంటగా, సంతోషం మాస్టారూ అని దారిలో నా చెయ్యి పట్టుకున్నాడొకాయన. నేను తాగుతానని అందరూ అనుకుంటున్నారా? నీకు తెలుసా?"

"తెలుసండీ."

"కాదని చెప్పలేదా?"

"చెప్పలేదండీ."

"ఎందుకు?"

"మా అమ్మ తెచ్చిన కొరమీను గుర్తుందా మీకు?"

"ఏ కొరమీను?" అన్నారు.

దాదాపు పన్నెండేళ్లుగా నా గొంతులో ముల్లులా ఉన్నది ఆయనకు గుర్తే లేదు. ఆ క్షణంలో వచ్చినంత కోపం నాకు జన్మలో రాలేదు. నిలబెట్టి చెప్పాను. అమ్మ మొహం ఎలా ఉందో, బస్సు ఎప్పుడెక్కిందో, ప్రేమ విందుల్లో ఎవరెవరు నవ్వారో అన్నీ చెప్పాను. ఆయన అరుగు మీద కూలబడి విన్నారు. క్షమించమని అడగలేదు. నేనూ క్షమించానని అనలేదు.

"ఆవిడ మళ్లీ మనింట్లో తినలేదా?" అని మాత్రం ఒకసారి అడిగారు. లేదన్నాను.

మర్నాడు చర్చి మెట్ల దగ్గర ఆ ముగ్గురినీ ఆపి, మా ఆయన ఏనాడూ తాగలేదని చెప్పాను.

"మరి అప్పుడలా అన్నారేంటండీ?" అంది అందులో పెద్దావిడ.

"కక్షతోనండీ," అన్నాను.