దవడపంటి రంగు

పింగాణీ పొడిలో నీటిచుక్క వేసి గాజుపలక మీద కలుపుతుంటే తడి సుద్ద వాసన వస్తుంది. ప్రేమ్ బజార్‌లో నేనిప్పుడు పనిచేసే ల్యాబులో ఎవరూ దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం గోల్‌బజార్‌లో బట్టల కొట్టు పైనున్న ఇరుకు గది, కిటికీ పక్కన కూర్చున్న మహలక్ష్మి పిన్ని గుర్తొస్తారు. పళ్ళ డాక్టర్లు పంపే నోటి అచ్చులకు పింగాణీ పళ్ళు చేసే పని నాకు నేర్పింది ఆవిడే. చుట్టం కాదు, న్యూ సెటిల్‌మెంట్‌లో మా పక్క రైల్వే క్వార్టరు.

పిన్నికి ముందుపళ్ళంటే చిన్నచూపు. అవి ఫొటోలకి పనికొస్తాయి గానీ కూడు నమిలేది దవడపళ్ళేనని ఆవిడ వాదం. డాక్టరు రాసిన రంగు నంబరు చాలదని, ఆ మనిషినే మెట్లెక్కించి రప్పించేవారు. చేతిలో గుప్పెడు మురీలు, అంటే మరమరాలు, పోసి, ఏ పక్క నములుతున్నారో చూసేవారు. టీ మరకలు పట్టిన పక్కపంటిని చూసుకుంటూ, కొత్తదాని గాడుల్లో కుంచె మొనతో సన్నని గోధుమరంగు గీత గీసేవారు. మల్లెమొగ్గలా చేస్తే ఊరంతటికీ తెలిసిపోదేటి అనేవారు. పెట్టుకున్నవాళ్ళే కొన్నాళ్ళకి ఏది కట్టుడుపన్నో మరిచిపోవాలి, అదీ ఆవిడ పంతం.

ఒకసారి రిటైరైన రైల్వే గార్డు గారి పన్ను వెనక్కి వచ్చింది. గాడులు మరీ నల్లగా ఉన్నాయట. మళ్ళీ చేసి పంపితే అదీ తిరిగొచ్చింది. డాక్టరు వేరే ల్యాబు మాట ఎత్తాడు. ఆవిడ కళ్ళకు పొర కమ్ముతోందని నాకు అప్పటికే అనుమానం, అడిగే ధైర్యమే లేదు. ఆ గదే ఆవిడ బతుకు. రంగు తెలియడం లేదని బయటికి పొక్కితే ఏ డాక్టరూ అచ్చు పంపడు. అందుకే దాచేస్తారనుకున్నాను. మూడోసారి రంగు చూడ్డానికి గార్డు గారు వచ్చి కూర్చోగానే పిన్ని తన కుర్చీలోంచి లేచారు.

"నా కన్ను అబద్ధం సెప్తంది గార్డు గారూ. ఇకనుంచి రంగు మా పద్మ సూస్తాది," అన్నారు. నావైపు తిరిగి, "కూకో ఒలే," అన్నారు.

ఆవిడ కుర్చీలో కూర్చుని కుంచె అందుకున్నాను. గార్డు గారి పక్కపన్ను చూసి గాడుల్లో గీత గీశాను. ఆ పన్ను వెనక్కి రాలేదు.

శుక్లాల ఆపరేషన్ అయ్యాక పిన్ని వస్తున్నారని తెలిసి, ఆవిడ కుర్చీ తుడిచి పక్కన నిలబడ్డాను. ఆవిడ నేను చేసిన పళ్ళన్నిటినీ కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశారు.

"ఇప్పుడు బాగా కనిపిస్తంది. అందుకే ఆ కుర్చీలోంచి నిన్ను లేపను," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత చనిపోయేదాకా ఆవిడ ఎదురుబల్ల దగ్గరే పళ్ళకి మైనపు నమూనాలు చెక్కుతూ, నన్ను ఆటపట్టిస్తూ ఉండిపోయారు.

మొన్న ఒక పంటి రంగు మీద నాకే అనుమానం వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచి చూడమన్నాను. కాస్త పసుపెక్కువైంది అక్కా అని భయంభయంగా అంది. లేచి కుంచె ఆమె చేతికిచ్చాను. అలా లేవడానికి సిగ్గుపడాలని పిన్ని నాకు నేర్పలేదు.