అవుటైతే లేచి నిలబడే ఆయన

మా యూనివర్సిటీ క్రికెట్ జట్టుకు లాలాపేట్ నుంచి వచ్చే ఒక అభిమాని ఉండేవారు. రిటైరైన టీచరు, మాకందరికీ అంకుల్. మావాడెవడు అవుటైనా బెంచీ మీంచి లేచి, వాడు వచ్చి కూర్చునేదాకా నిలబడేవారు. నా బ్యాటింగు పుణ్యమా అని ఆయన మోకాళ్ళకు మంచి వ్యాయామం దొరికేది.

తెల్లబట్టల్లో కదలకుండా నిలబడతామని మా జట్టుకు ‘కొంగలు’ అని పేరు. దాన్ని ‘చిరుతలు’ చేయాలని, శనివారం మ్యాచులను ఆదివారం పొద్దుటికి మార్చాలని ప్రతిపాదన వచ్చింది. ఒక సాయంత్రం తార్నాకలో ఇరానీ హోటల్లో అందరం కూర్చున్నాం.

“కొంగలేంది భై, ఇజ్జత్ పోతున్నది!” అన్నాడొకడు.

“చిరుతలంటే పరుగులొస్తయా?” అన్నాడింకొకడు.

చాయ్ చల్లారింది కానీ వాదన చల్లారలేదు.

“పేరు మీ ఇష్టం నాయనా. ఆదివారం మాత్రం వద్దు. చర్చిలో హార్మోనియం వాయించేది నేనే” అన్నారు అంకుల్.

“గ్రౌండ్ గప్పుడే దొరుకుతది అంకుల్” అన్నాడు కెప్టెన్.

అందరం మళ్ళీ పేరు మీద పడ్డాం. చేతులెత్తించింది కూడా పేరుకే. చిరుతలు గెలిచాయి.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు ఆయన ఆరాధన ముగియగానే, చెమటకు తడిసిన చొక్కాతో ఆదరాబాదరాగా వచ్చేవారు. అప్పటికే మేం వికెట్లు పీకేసి ఉండేవాళ్ళం. ఎవరెలా అవుటయ్యారో నాచేత చెప్పించుకుని వెళ్ళిపోయేవారు.

చివరిసారి వచ్చినప్పుడు బెంచీ మీద కూలబడ్డారు.

“ఇవాళ అన్నీ పొట్టి పాటలే ఎంచానయ్యా” అన్నారు. “పాటలు నా చేతిలో ఉన్నాయి. పాస్టరు గారి ప్రసంగం నా చేతిలో లేదుగా.”