ఒక్కరే ఉన్న తరగతి

నా చిన్నప్పుడు, మేము కర్నూలు పాతబస్తీలో ఉన్న రోజుల్లో, మా తమ్ముడు మెదడువాపు జ్వరంతో పోయాడు. వాడికి ఐదేళ్లు, నాకు తొమ్మిది. వచ్చిన చుట్టాలంతా వెళ్లిపోయాక ఇంట్లో వాడి పేరు పలకడం ఆగిపోయింది. వాడి చొక్కాలు, చెప్పులు ఎవరో తీసేశారు. వాడెక్కడికి పోయాడని అడిగితే నాన్న దేవుడి దగ్గరికని చెప్పి బయటికి నడిచేవాడు. అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. అమ్మను ఏడిపించొద్దని నాయనమ్మ ఒకసారి గట్టిగా కసిరింది. దాంతో అడగడం మానేశాను. ఒంటిపూట బడులు పెట్టాక మధ్యాహ్నాలు ఎంతకీ గడిచేవి కావు. కిటికీ దగ్గర కూర్చుని, ఎండకు తెల్లబడిన సందులోకి చూస్తూ ఉండేదాన్ని.

పక్కింట్లో ఒక అక్క వాళ్ల అవ్వతో అద్దెకుండేది. వాళ్లది ఆత్మకూరు దగ్గర పల్లె. కొద్దిపాటి చేను, ఆదివారం వస్తే తప్పకుండా చర్చి. అక్క కాలేజీలో బి.ఎ. చదివేది. తీసుకున్నది తత్వశాస్త్రం. అది చదివితే ఏం ఉద్యోగం వస్తుందని మా వీధిలో అందరూ అడిగేవాళ్లు. అది చదివితే పిల్ల దేవుడే లేడంటుందని చర్చి పెద్దలు వాళ్ల నాన్నను భయపెట్టారట. సబ్జెక్టు మార్చుకో, లేదంటే ఇంటికొచ్చెయ్యమని ఆయన కబురు పంపాడు. ఆ అక్క దగ్గరికి స్నేహితులెవరూ రాగా నేనెప్పుడూ చూడలేదు. బహుశా అందుకేనేమో, కిటికీలో నా ముఖం ఆమెకు కనిపించింది. ఒకరోజు అమ్మనడిగి నన్ను తనతో కాలేజీకి తీసుకుపోయింది.

పెద్ద గది. బెంచీల నిండా దుమ్ము. మిగతావాళ్లు వస్తారని తలుపు వైపే చూశాను. ఎవరూ రాలేదు. ఆ ఏడు ఆ సబ్జెక్టు తీసుకున్నది అక్క ఒక్కతేనట. తల నెరిసిన సారొకాయన వచ్చి హాజరు పిలిచాడు. అక్క లేచి నిలబడి పలికింది. నాకు నవ్వొచ్చింది గానీ వాళ్లిద్దరూ నవ్వలేదు. గది నిండా పిల్లలున్నట్టే ఆయన నిలబడి, గొంతెత్తి పాఠం చెప్పాడు. మనిషి పోయాక ఏమైనా మిగులుతుందా అన్నది ఆ రోజు పాఠం. నాకు అర్థమైంది తక్కువే. కానీ చావు అనే మాటను ఒక పెద్దమనిషి గొంతు తగ్గించకుండా అనడం నేను వినడం అదే మొదలు.

పాఠమయ్యాక, ఏమైనా అడగాలా అని ఆయన అక్క వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను.

"మా తమ్ముడు ఇప్పుడు యాడుండాడు సార్?"

అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోతే ఆయన వద్దన్నాడు. చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టి, ముందు బెంచీలో మా వైపు తిరిగి కూర్చున్నాడు. 

"నాకు తెలీదు పాపా," అన్నాడు. "ఇన్నేండ్ల నుంచి చదువుతాండా, చెప్తాండా. అయినా తెలీదు. మీ తమ్ముడు ఎట్లుండేవాడో చెప్పు, వింటా."

నేను వాడి పేరు చెప్పాను. బొరుగుల ఉగ్గానిలో వేరుశనగ బుడ్డలన్నీ ఏరుకుని తినేవాడని చెప్పాను. రైలు కూత వినబడితే ఏ పని మీదున్నా వాకిట్లోకి పరిగెత్తేవాడని, నిద్రలో నా జడ పట్టుకునేవాడని చెప్పాను. మధ్యలో ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు. గంట కొట్టినా లేవలేదు. నేను చెప్పడం అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.

తిరిగొస్తుంటే దారిలో అక్క, "ఇది ఏంటికి చదువుతాండావని అందరూ అడుగుతారు. నాకు చెప్పను రాదు. ఈ పొద్దు నువ్వే చూసినావు గదా," అంది.

ఇంటికి పోగానే అమ్మ పక్కన కూర్చుని, అంత చదివిన సారుకు కూడా తెలీదంట అని చెప్పాను. అమ్మ చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, మెల్లగా తమ్ముడి పేరు పలికింది.

అక్క సబ్జెక్టు మార్చుకోలేదు. వాళ్ల నాన్న వచ్చి మాట్లాడి, ఒప్పుకున్నాడో విసిగిపోయాడో, ఒక్కడే తిరిగిపోయాడు. ఆమె తర్వాత ఆ సబ్జెక్టులో ఎవరూ చేరకపోతే దాన్ని ఎత్తేశారు. అక్క ఏదో ఊరికి ఉద్యోగానికి పోయింది, మళ్లీ కనబడలేదు. నేనూ ఇంకో ఊళ్లో తత్వశాస్త్రమే చదివాను. ఎందుకని అడిగినవాళ్లకు నాకూ చెప్పడం రాలేదు. బతుకంతా దానితో సంబంధం లేని ఆఫీసులోనే పనిచేశాను.

ఇప్పుడు కడపలో ఉంటున్నాను. మా ఆయన పోయి ఏడాది దాటింది. అప్పట్లో వచ్చినవాళ్లంతా, ఆయన పుణ్యాత్ముడు, మంచి చోటికే పోయుంటాడని చెప్పి, కాఫీ తాగి వెళ్లారు. తలూపాను. ఇప్పుడెవరూ రావడం లేదు. సాయంత్రాలు ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. ఆయనెక్కడున్నాడో నాకు తెలీదు. తెలీదని అనుకోవడానికి మాత్రం భయం లేదు.

తెలిసినవాళ్ల ఇంట్లో ఎవరైనా పోతే ఇప్పటికీ వెళ్తాను. ఓదార్పు మాటలు నాకు రావు. పోయినవాళ్లు ఎట్లుండేవాళ్లో అడిగి, చెప్పడం అయ్యేదాకా కూర్చుంటాను. మా ఆయన ఎట్లుండేవాడని నన్ను మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేను అడగడానికి పోతూనే ఉన్నాను.