అద్దం మీద అక్క

అద్దాలావిడకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అందరూ అంటారు. ఆ కోపాన్ని కిందికి దించుకునే వీలు ఒక్కరైనా కల్పించి ఉంటే ఆ మాట అనవచ్చు. ఆ ఒక్కరూ లేరు. అందులోనూ ఊరి కళోత్సవం కమిటీ వాళ్లయితే ఏటేటా దాన్ని ఇంకొంచెం పైకి ఎక్కించి పంపేవాళ్లు.

ఆవిడ భర్తకు అద్దాలు కోసి బిగించే కొట్టుంది. కిటికీలకూ అల్మారాలకూ ఆయన కోయగా మిగిలిన ముక్కల్లో పెద్దవి ఏరి, అంచులు నూరి, ఆవిడ బొమ్మలు వేస్తుంది. కాగితం మీద వేసి పైన అద్దం పెట్టే బొమ్మలు కావవి. అద్దానికి వెనకవైపు రంగులు వేస్తుంది, ముందువైపు నుంచి చూడాలి. కాబట్టి పనంతా తిరగేసి నడుస్తుంది. అందరూ చివర పెట్టే మెరుపు ఆవిడ మొదట పెట్టాలి. ముందు కళ్లజోడు మీద తళుకు, తర్వాత కళ్లజోడు, తర్వాత కన్ను, ఆ తర్వాతే మొహం. వెనకాల గోడ అన్నిటికన్నా ఆఖరు. కన్ను తప్పు పడిందని మొహం వేశాక తెలిస్తే చేసేదేమీ లేదు, మొత్తం గీకి పారేయాల్సిందే. అంతా అయ్యాక వెనకనుంచి చూస్తే ఆ ఆఖరి గోడ రంగు తప్ప ఇంకేమీ కనబడదు.

ఈ ఏడాది వేసింది అక్క బొమ్మ. తల్లి పోయాక ఆవిడను పెంచింది ఆ అక్కే. ఆస్పత్రి లాండ్రీలో, ఆవిరి పట్టిన గదిలో, నడుం వంగేదాకా దుప్పట్లు ఉతికి మడతపెట్టింది. చెల్లెలి చేతికి మొదటి రంగు డబ్బాలు ఇచ్చింది కూడా అక్కే. "ఆ దుప్పట్లలో పడుకున్నవాళ్లకి డాక్టరు మొహం తెలుసు, నర్సు మొహం తెలుసు. ఉతికినదాని మొహం ఎవడికి కావాలే," అని అక్క నవ్వుతూ చెప్పేది. చెల్లెలికి అది ఏనాడూ నవ్వులాటగా అనిపించలేదు. ఆ మొహాన్ని ఊరి మధ్య గోడకెక్కించి, అందరికీ చూపించి తీరాలని పట్టుపట్టింది. అక్క పంతం అక్కకుంది. కొట్లో గాజుపెంకుల మధ్య తనని తాను చూసుకోనంది. "గోడ మీద, పదిమందిలో చూస్తాను. అప్పటిదాకా నాకు చూపించకు," అంది.

కళోత్సవంలో అంతకుముందు ఆవిడ బొమ్మలకు జరిగిన మర్యాద చెప్పుకుంటే సిగ్గుచేటు. ఒకసారి లౌడ్‌స్పీకరు పెట్టె వెనక పెట్టారు. ఇంకోసారి టీలిచ్చే గదిలో పెట్టారు, జనం తడిసిన గొడుగులు దానికి ఆనించారు. అడిగితే కార్యదర్శిగారు, "వచ్చే ఏడాది మంచి చోటు చూద్దామమ్మా," అనేవాడు. ఆయనకు నోట్లో తేనె, చెవుల్లో సీసం.

ఈసారి కొత్త నియమం పెట్టారు. లైట్లు పడి మెరిస్తే ఫొటోలు పాడవుతున్నాయట, బొమ్మల మీద అద్దాలన్నీ తీసేస్తారట. ఆవిడ ఫోను చేసింది.

"నాది అద్దం కింద బొమ్మ కాదండీ, అద్దం మీదే ఉంది. అద్దం తీస్తే బొమ్మే ఉండదు."

"అలాగేనమ్మా. మేం చూసుకుంటాం కదా."

ఆ 'అలాగే'ని నమ్మకుండా వెనక అట్ట మీద 'ఇది వెనక' అని వేలెడంత అక్షరాలతో రాసి మరీ పంపింది. ఆ అట్టనే ఊడదీసి మూలకు పారేస్తే పాపం అక్షరాలు మాత్రం ఎవరికి మొర పెట్టుకుంటాయి?

ప్రదర్శన మొదలైన రోజు ఆవిడ ముందుగా వెళ్లింది. కొట్టు మూసి అక్కను వెంటబెట్టుకుని వస్తానన్నాడు భర్త. హాల్లో వరసగా చూసుకుంటూ పోయి తన పేరున్న చీటీ దగ్గర ఆగింది. చీటీ పైన, చట్రం నిండా, బూడిద రంగు. అక్కడక్కడా బ్రష్షు గీతలు. అంతే. వెనక ఉన్న కొక్కేలు పీకి ముందువైపు చెక్కకి కొట్టి, అద్దాన్ని గోడకీ రంగును జనానికీ చూపిస్తూ తగిలించారు. మెరుపు బెడద తీరింది మరి. కొక్కెం పీకేటప్పుడు ఏ స్క్రూడ్రైవరో జారినట్టుంది, ఒక మూల రంగు లేచిపోయింది. చట్రానికి ఒక రిబ్బను వేలాడుతోంది. రెండో బహుమతి.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. కార్యదర్శిని వెతకనక్కర్లేకపోయింది, ఆయనే నవ్వుకుంటూ ఎదురొచ్చాడు.

"జడ్జిగారు మీ బొమ్మ ముందునుంచి కదల్లేదమ్మా. మౌనాన్ని ఎంత ధైర్యంగా వేసిందీవిడ అన్నారు."

"అది మౌనం కాదండీ, లాండ్రీ గది గోడ. మనిషి అవతలివైపు ఉంది. తిప్పించండి."

"ఇప్పుడెలా? బహుమతి ప్రకటించేశాం. తిప్పితే అది వేరే బొమ్మవుతుంది. అప్పుడు మేం బహుమతి దేనికిచ్చినట్టు?"

"నాకక్కర్లేదు మీ బహుమతి."

"తొందరపడకండి. బహుమతి వచ్చినవాళ్లకి వచ్చే ఏడాది గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ ఇస్తాం. జడ్జిగారు ఇంకా ఇక్కడే ఉన్నారు. ఆయన్ని వెళ్లనివ్వండి, నేనే దగ్గరుండి తిప్పిస్తాను."

గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ. లోపలికి అడుగుపెట్టిన ప్రతివాడూ చూసి తీరాల్సిన గోడ. దానికోసమే కదా ఇన్నేళ్లూ వీళ్ల గుమ్మం తొక్కింది. ఆవిడ నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఎంత వెధవ ఆశ, ఎంత చవగ్గా కొనేస్తున్నాడు నన్ను అనుకుంటూనే ఆగింది.

అప్పుడే భర్తతో అక్క వచ్చింది. ఇస్త్రీ మడత నలగని బట్టలు కట్టుకుని, బొమ్మల వంక తలతిప్పకుండా, తన బొమ్మే మొదట చూడాలన్నట్టు నేరుగా నడిచి వచ్చింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఆ బూడిద రంగును ఒక మూలనుంచి ఇంకో మూలకు వెతికింది.

"నేనెక్కడున్నానే?"

"అవతలివైపు ఉన్నావక్కా. తిరగేసి పెట్టారు."

అక్క పక్కకు వంగి, చట్రానికీ గోడకూ మధ్య సందులోకి చూసింది.

"బళ్లో తప్పు చేస్తే గోడవైపు తిప్పి నిలబెట్టేవాళ్లు," అంది. "నేనేం చేశానే?"

దుప్పట్ల సంగతి చెప్పినట్టే ఇదీ నవ్వుతూ అందామనుకుంది, నవ్వు రాలేదు.

చెల్లెలు ఇంకెవర్నీ అడగలేదు. కుర్చీ లాగి ఎక్కి, బొమ్మ దించి భర్త చేతికిచ్చింది.

"బొమ్మ దించితే బహుమతి రద్దవుతుందమ్మా," అన్నాడు కార్యదర్శి. తేనె కాస్త పలచబడింది.

"మీరు మెచ్చింది గోడనే కదా. గోడ ఇక్కడే ఉంది, ఇచ్చుకోండి," అని ఆవిడ రిబ్బను పీకి ఖాళీ మేకుకు తగిలించింది.

భర్త అద్దాన్ని తిప్పి కుర్చీలో నిలబెట్టాడు. తెల్లటి దుప్పటి కొసలు రెండు చేతులా పట్టుకుని, ఆవిరిలోంచి నేరుగా చూస్తున్న అక్క. దుప్పటి ఒక మూల మాత్రం రంగు లేచి, గీరిపోయి ఉంది. గొడవ విని వచ్చిన జడ్జిగారు దూరం నుంచే చూసి, "ఇది మామూలుగా ఉంది. ఇందాకటిదే లోతుగా ఉంది," అని వెళ్లిపోయాడు. ఆయనకు బదులు చెప్పడం దండగని ఆవిడకు మొదటిసారి తోచింది. కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

అక్క వంగి చాలాసేపు చూసింది.

"కళ్లజోడు వంకరగా వేశావేమే."

"నీ కళ్లజోడు వంకరే అక్కా."

అక్క చెయ్యి కళ్లజోడు మీదికి వెళ్లి, సర్దకుండానే కిందికి వచ్చింది.

అద్దం మోసేటప్పుడు గుడ్డ చుట్టడం కొట్లో అలవాటు. భర్త బండిలోంచి గుడ్డ తెచ్చాడు. అక్క చేత్తో ఆపింది.

"గుడ్డ వద్దు నాయనా. బండీ వద్దు. దుప్పటి పట్టుకున్నట్టు చెరో కొసా పట్టుకుని నడిచిపోతాం. మొహం రోడ్డువైపు ఉండాలి."

అలాగే నడిచారు. ముందు చెల్లెలు, వెనక అక్క, మధ్యలో అద్దం. కూరగాయలు బేరమాడేవాళ్లు ఆగి చూశారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చూశారు. చెప్పులు కుట్టేవాడు తలెత్తి, "ఎవరమ్మా బొమ్మలో?" అని అడిగాడు.

"నేనే," అంది అక్క.

చెల్లెలు పళ్లు బిగించి, మనసులో కార్యదర్శిని కడిగేస్తూ, ఇంటి మలుపు దగ్గర తిరగబోయింది. వెనకనుంచి అద్దం కదల్లేదు. అక్క నిలబడిపోయి ఉంది.

"నాకు చేతులేం నొప్పి పుట్టడం లేదు," అంది అక్క. "ఆస్పత్రి వీధి కూడా తిరిగి వద్దాం పద."