పసుపు రాసిన గుంజ

మా పెరటికి కాలవ వైపున్న దడి నిరుటి వరదకి పడిపోయింది. అడ్డకర్రలు కొట్టుకుపోయాయి. గుంజలు విరిగిపోయాయి. మా ఆయన ఉంటే వారంలో మళ్ళీ కట్టేసేవాడు. ఆయన పోయి మూడేళ్ళు.

దడికి అవతల, కాలవ దాకా ఉన్న స్థలం మా మరిదిది. "వదినా, ఎలాగూ కొత్త దడి కడతన్నావు కదా, రెండు మూరలు లోపలికి జరుపుకో. నా ట్రాక్టర్ తిరగట్లేదు," అన్నాడు.

రెండు మూరలంటే వినడానికి చిన్న మాటే. ఆ రెండు మూరల్లోనే మా ఆయన నాటిన కొబ్బరి చెట్టుంది. దడి జరిగితే చెట్టు అటు పోతుంది. పాత గుంజ ఎక్కడుండేదో నాకు తెలుసు. వరద మట్టి కప్పేశాక ఏం పెట్టి చూపించను?

సరుగుడు గుంజ అడుగుభాగం నిప్పుల మీద నల్లగా కాల్చి పాతేవాడు మా ఆయన. కాలిన కర్రకి చెద పట్టదనేవాడు. నేనూ అలాగే కాల్చాను. కళ్ళు తుడుచుకుంటుంటే, గోతులు తవ్వడానికొచ్చిన ముసలాయన చూసి, "పొగేనాండి?" అన్నాడు.

"పొగే. నువ్వు తవ్వు."

మూల గొయ్యి తవ్వుతుంటే పలుగుకి ఏదో తగిలింది. చూస్తే, నల్లటి మోడు. పైన గుంజ విరిగిపోయినా, ఆయన కాల్చిన మొదలు అడుగున చెక్కుచెదరలేదు. దాన్ని కదపొద్దన్నాను. కొత్త గుంజ దాన్ని ఆనించి పాతుదామన్నాను.

మొదటి గుంజకి ముత్తయిదువ పసుపు రాయాలి. మా ఇళ్ళలో పద్ధతి. అలా రాసిన గుంజ పీకితే రాసినామె పసుపు కుంకుమలకి కీడంటారు. నా చెయ్యి పనికిరాదు. పక్కనున్న ముత్తయిదువ మరిది పెళ్ళామే. పసుపు గిన్నె పట్టుకుని వెళ్ళి పిలిచాను. వచ్చింది. గొయ్యి చూసింది, కొబ్బరి చెట్టు చూసింది.

"ఇక్కడే పాతిస్తన్నావా అక్కా?"

"మీ బావగారు పాతిన చోటే. చెయ్యి పెట్టి చూడు."

వంగి మోడు తడిమింది. వేళ్ళకి నల్లగా మసి అంటింది. తర్వాత ఆ మసి చేత్తోనే పసుపు తీసి గుంజకి రాసి, బొట్టు పెట్టింది. ముసలాయన గుంజ దింపి మట్టి కూరాడు.

సాయంత్రం మరిది వచ్చి ఎగిరాడు. "ఎవరు పాతమన్నారు ఇక్కడ?"

"నేనే పసుపు రాశాను. పీకుతారా? పీకండి, చూద్దాం," అంది పెళ్ళాం.

"మీరిద్దరూ ఎప్పుడు కలిశారే!" అని గొణుక్కుంటూ పోయాడు. గుంజ మీద చెయ్యి వెయ్యలేదు.

నన్ను పక్కన పెట్టిన పద్ధతినే అడ్డం పెట్టుకున్నాను. అది తెలివో, తప్పో, ఇప్పటికీ తేల్చుకోలేను. మా తోడికోడలికి ముందే అర్థమైందని మాత్రం తెలుసు. ఆ కొబ్బరి చెట్టు మొదటి గెల దింపినప్పుడు సగం కాయలు ఆవిడ గుమ్మంలో పెట్టి వచ్చాను.

మూల గుంజ పాతిన మర్నాడు మూడు వరసల అడ్డకర్రలు కొబ్బరితాడుతో కట్టాం. చివరి గుంజ నేనే పట్టుకుని నిలబెట్టాను. దానికి పసుపు రాయలేదు. మొన్నటి గాలివానకి అదీ కదల్లేదు.