పోర్ట్ ఇంటివాళ్ళు

లక్ష్మిప్రియ మంచి టీచరని తమిళనాట పోదనూరు రైల్వే కాలనీలో ఎవరినడిగినా చెబుతారు. నేనూ చెబుతాను. కానీ మంచివాళ్ళు చేసే తప్పు ఒకటుంటుంది, అది చెడ్డవాళ్ళకు చేతకాదు.

ఉడుమలైపేట వైపు రైతుల ఇంటి పిల్ల. పెళ్ళయి పోదనూరు వచ్చాక సాయంత్రాలు వసారాలో ట్యూషన్ చెబుతోంది. ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టించడం ఆమెకు నచ్చదు. వాటి గ్రీకు, లాటిన్ మూలాలు పట్టుకుంటే మిగతావి వాటంతట అవే వస్తాయంటుంది. మరి మూలమంటే ఏమిటో పిల్లలకు ఎలా చెప్పడం? తమిళ బడుల్లో పేరు ముందు తండ్రి ఇనిషియలే మిగిలినా, తెలుగు ఇళ్ళల్లో ఇంటిపేరు బతికే ఉంది. సంబంధం మాట్లాడేటప్పుడు ముందు అడిగేది దాన్నే. లక్ష్మిప్రియ దాన్నే బోర్డు మీదికి తెచ్చింది. 'గ్రాఫ్' ఒక ఇంటిపేరు, రాయడం ఆ ఇంటి పని. ఆటోగ్రాఫ్, టెలిగ్రాఫ్ ఆ ఇంటివాళ్ళు. పిల్లలు ఇట్టే పట్టేశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. సోమవారం ఉత్సాహం పట్టలేక, "మీ ఇంటిపేర్లు చెప్పండి, చూద్దాము" అంది. ఒక్కొక్కరే చెప్పుకుంటూ వచ్చారు. దర్శిని వంతు వచ్చేసరికి ఆ పిల్ల తల దించుకుంది.

"తెలీదు టీచర్."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక్కడి తెలుగువాళ్ళ ఇంటిపేరు వింటే చాలు, ఏ వీధివాళ్ళో, తాత ఏ పని చేశాడో తెలిసిపోతుంది. తన ఇంటిపేరు ఏనాడూ దాచుకోనక్కరలేని మనిషికి ఆ సంగతి తట్టలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

మర్నాడు దర్శిని రాలేదు. ఆ తర్వాతి రోజు తండ్రి జెబరాజ్‌తో వచ్చింది. ఆయన రైలు పెట్టెల్లో ఏసీలు బాగుచేస్తాడు. ఆయన తండ్రి ఊరి చెత్త గంపలకెత్తి మోశాడు. ఆ మాట కూతురి చెవిన పడకూడదని పాత వీధి వదిలి వచ్చినవాడు జెబరాజ్.

"కూర్చోండి అన్నా," అంది లక్ష్మిప్రియ.

"కూర్చోను టీచర్. దీని పుస్తకాలు తీసుకుని పోతాము. ఇంక రాదు." గొంతు పెంచలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "అందరి ముందర ఏంటికి అడిగితిరి? ఇంటికొచ్చి ఏడ్చె. ఇంటిపేరు నేను చెప్పలే. వాళ్ళ అవ్వ చెప్పేసె."

"తప్పయిపోయింది అన్నా."

"సరి. పుస్తకాలు ఇవ్వండి."

పిల్లలు చూస్తున్నారు. తన క్లాసులోకెల్లా చురుకైన పిల్ల తన వల్లే చదువుకు దూరమవుతోందని లక్ష్మిప్రియకు అర్థమైంది. దర్శిని అల్మారాలోంచి పుస్తకాలు తీసుకుంది. తీసుకున్నాక కదలకుండా బోర్డు వైపే చూస్తోంది. 'పోర్ట్' అని రాసి, కింద పోర్టర్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్ అని వరసగా ఉన్నాయి.

"టీచర్, పోర్ట్ ఇంటి పని ఏమి?"

"మోసేది," అంది లక్ష్మిప్రియ మెల్లగా.

"మా ఇంటిపేరు గంపలోళ్ళు."

"దర్శినీ," అన్నాడు జెబరాజ్. ఆయన ముఖం నల్లబడింది.

ఆ పిల్ల ఆగలేదు. "గంప కూడా మోసేదే కదా టీచర్. అట్లయితే మేము పోర్ట్ ఇంటికి చుట్టాలు."

జెబరాజ్ పిల్లల ముఖాలు ఒక్కొక్కటే చూశాడు, ఎవరు నవ్వుతారోనని. ఎవరూ నవ్వలేదు. లక్ష్మిప్రియ కళ్ళు తుడుచుకుని, ట్రాన్స్‌పోర్ట్ కింద 'గంప' అని రాసింది. ముందు బెంచీలో పిల్ల ఒకతె దాన్ని నోట్సులో ఎక్కించుకుంది.

జెబరాజ్ కూతురి చేతిలోంచి పుస్తకాలు తీసి, అల్మారాలో పెట్టేశాడు. గడప దాటుతూ వెనక్కి తిరిగాడు.

"అది తానుగా చెప్పె టీచర్. మీరు అడగకూడదు."